సాఫ్ట్‌వేర్ కొనే ముందు గోడౌన్‌లో ఒక రోజు నిలబడండి

"కొత్త సాఫ్ట్‌వేర్ వేయించి ఆరు నెలలైంది. అయినా స్టాక్ కలవడం లేదు." మందుల హోల్‌సేల్ వ్యాపారం చేసే ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇది. ఆయన గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువ వినిపించింది. డబ్బు పెట్టారు, కుర్రాళ్ళకు ట్రైనింగ్ ఇప్పించారు, పాత చిట్టాలన్నీ అటక ఎక్కించారు. కానీ ఒక బీపీ మందు తీసి చూస్తే, పాత బ్యాచ్ (ఒకేసారి తయారై ఒకే నంబర్ పడిన సరుకు) కంప్యూటర్‌లో సున్నా, ర్యాక్‌లో 28 స్ట్రిప్పులు. కొత్త బ్యాచ్ కంప్యూటర్‌లో 40, ర్యాక్‌లో 12.

ఒక రోజు ఆయన గోడౌన్‌కు వెళ్ళి రాత్రి షట్టర్ దించే వరకు అక్కడే కూర్చున్నాను. ట్రాన్స్‌పోర్ట్ నుంచి సరుకు సాయంత్రం 5 దాటాక దిగుతుంది. కొనుగోలు బిల్లులు కంప్యూటర్‌లో ఎక్కించే అమ్మాయి 6 గంటలకు వెళ్ళిపోతుంది, వాళ్ళ ఊరికి ఆఖరి బస్సు అదే. కాబట్టి ఎంట్రీ మర్నాడు ఉదయం. సరుకు మాత్రం ఆ రాత్రే ర్యాక్ ఎక్కుతుంది, ఆ రాత్రే దుకాణాల ఆర్డర్లకు బిల్లులు పడతాయి. కొత్త బ్యాచ్ కంప్యూటర్‌లో ఇంకా లేదు కనుక, బిల్లు వేసే కుర్రాడు పాత బ్యాచ్ నంబర్ మీద బిల్లు కొట్టేస్తాడు. దుకాణానికి వెళ్ళేది కొత్త బ్యాచ్, బిల్లులో ఉండేది పాత బ్యాచ్. కొన్నాళ్ళకు ఆ మందు ఎక్స్‌పైరీ అయి వెనక్కి వచ్చినప్పుడు బిల్లుకూ స్ట్రిప్పుకూ పొంతన ఉండదు, కంపెనీ తీసుకోదు, నష్టం ఏజెన్సీ నెత్తిన పడుతుంది.

ఇందులో సాఫ్ట్‌వేర్ తప్పు చేయలేదు. ఆ అమ్మాయిదీ తప్పు లేదు. రాత్రి 8 గంటలకు దుకాణం నుంచి ఫోన్ మీద ఫోన్ వస్తుంటే, చేతిలో సరుకు పెట్టుకుని లేదని ఆ కుర్రాడు ఎలా చెప్తాడు? లారీ వచ్చే టైము, బస్సు వెళ్ళే టైము, కంప్యూటర్ అడిగే వివరం, ఈ మూడింటినీ ఎవరూ ఒకచోట పెట్టి చూడలేదు. అంతే.

సంస్థలో ఏదైనా ఒకటి మారిస్తే మిగతావన్నీ కదులుతాయని అమెరికా మేనేజ్‌మెంట్ నిపుణుడు హెరాల్డ్ లీవిట్ 1960ల్లోనే చెప్పాడు. ఆయన నాలుగు లెక్కపెట్టాడు: చేసే పని, చేసే మనుషులు, సంస్థ నిర్మాణం, వాడే టెక్నాలజీ. ఇప్పుడు అందరూ వాటిని మూడుగా చెప్పుకుంటున్నారు: మనుషులు, పద్ధతి, టెక్నాలజీ. మన ఇళ్ళలో మూడు రాళ్ళ పొయ్యి మీద వంట చేసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ఒక రాయి ఎత్తుది పెడితే గిన్నె పక్కకు ఒరుగుతుంది, మిగతా రెండూ సర్దాలి.

ఇక్కడ రాస్తున్నది 10 నుంచి 50 మంది దాకా పనిచేసే వ్యాపారాల కోసం. నాకు బాగా తెలిసింది మందుల డిస్ట్రిబ్యూషన్ కాబట్టి ఉదాహరణలు అక్కడివే. మీది కిరాణా హోల్‌సేల్ అయినా, స్పేర్ పార్టుల దుకాణమైనా, చిన్న ఫ్యాక్టరీ అయినా పనుల వరుస ఇదే.

1. ఇబ్బందిని అంకెలో రాయండి

"సాఫ్ట్‌వేర్ బాగోలేదు", "కుర్రాళ్ళకు శ్రద్ధ లేదు" అనేవి ఇబ్బందులు కావు, మన విసుగు. వాటిని పట్టుకుని ఏదీ బాగుచేయలేం. చెకింగ్ టేబుల్ మీద ఒక నోట్‌బుక్, దానికి దారంతో కట్టిన పెన్ను పెట్టండి. రెండు వారాల పాటు తప్పు దొరికిన ప్రతిసారీ ఒక గీత గీసి, పక్కన ఆ బిల్లు వేసిన టైము రాయమనండి: తప్పు మందు, తప్పు బ్యాచ్, లెక్క తక్కువ, చిరునామా తప్పు, ఆలస్యం. గీత గీసినవాళ్ళ పేరు రాయించవద్దు, తప్పు చేసినవాళ్ళ పేరు అసలే వద్దు. పేర్లు రాయమన్న రోజు నుంచి నోట్‌బుక్ ఖాళీగా ఉంటుంది.

రెండు వారాలకు మీ దగ్గర ఒక వాక్యం తయారవ్వాలి. ఉదాహరణకు: "600 బిల్లుల్లో 45 బిల్లులకు బ్యాచ్ కలవలేదు, అందులో 38 సాయంత్రం 6 తర్వాత వేసినవి." ఈ వాక్యంలో సగం జవాబు ఉంది. టైము కూడా రాయించమనేది ఇందుకే.

2. ఒక ఆర్డర్ వెంట మొదటి నుంచి చివరి దాకా నడవండి

యజమానులు ఎక్కువగా దాటేసేది ఈ పనినే. నా అనుభవంలో అన్నిటికన్నా ఎక్కువ బయటపెట్టేది కూడా ఇదే. క్యాబిన్‌లో కూర్చుని "మన దగ్గర పని ఎలా జరుగుతుంది?" అని మేనేజర్‌ను అడిగితే, ఎలా జరగాలో చెప్తారు. ఎలా జరుగుతుందో చూడాలంటే లేచి వెళ్ళాలి.

ఉదయం వచ్చిన ఒక మామూలు ఆర్డర్ తీసుకోండి. పెద్ద ఆసుపత్రి ఆర్డర్ వద్దు, దానికి అందరూ శ్రద్ధ పెడతారు. ఊరి చివర ఉన్న చిన్న మెడికల్ షాపుది తీసుకోండి. ఫోన్ ఎత్తినవాళ్ళు ఎక్కడ రాసుకున్నారు? అక్కడి నుంచి బిల్లింగ్‌కు ఎలా వెళ్ళింది? చీటీ మీదా, వాట్సాప్‌లోనా, నోటి మాటగానా? ర్యాక్ నుంచి తీసిన కుర్రాడు బిల్లు చూసి తీశాడా, గుర్తుపెట్టుకుని తీశాడా? చెక్ చేసింది ఎవరు? తీసినవాడే చెక్ చేసుకున్నాడా? బాక్సు కట్టాక బండి కోసం ఎంతసేపు ఆగింది? దుకాణంలో సంతకం పెట్టించుకున్న కాపీ తిరిగి ఎవరి చేతికి వచ్చింది?

నడుస్తూ మూడు సంగతులు రాసుకోండి. ఒకే విషయం రెండుసార్లు రాసిన చోటు. సరుకు గానీ కాగితం గానీ ఎదురుచూస్తూ ఉన్న చోటు. ఒకరు ఇంకొకరిని అరిచి అడగాల్సి వచ్చిన చోటు. "అన్నా, ఈ సిరప్ ఎక్కడ పెట్టారు?" అన్న కేక రోజుకు పదిసార్లు వినిపిస్తుంటే, ర్యాక్‌లకు నంబర్లు లేవని ఆ కేకే చెప్తోంది.

ఇంకో సంగతి జాగ్రత్తగా చూడండి. జేబుల్లో, డ్రాయర్లలో ఉండే చిన్న నోట్‌బుక్‌లు. ఎన్నో ఏళ్ళుగా ఉన్న గుమాస్తా గారి దగ్గర ఒకటి తప్పకుండా ఉంటుంది. ఏ షాపు సోమవారం డబ్బు ఇవ్వదు, ఏ డాక్టర్ రాసే మందు ఏ వీధిలో కదులుతుంది, ఏ కంపెనీ రిటర్నులు ఏ నెలలో తీసుకుంటుంది, అన్నీ అందులో ఉంటాయి. "కంప్యూటర్ ఉండగా ఇంకా ఈ పుస్తకాలేంటి?" అని ఆయన్ను గద్దించకండి. ఆ పుస్తకం మీ సాఫ్ట్‌వేర్‌లో లేని వివరాల పట్టిక. "బాబాయ్, ఇందులో ఏమేం రాసుకుంటారో నాకు ఒకసారి చెప్తారా?" అని పక్కన కూర్చోండి. మీ వ్యాపారం గురించి మీకు తెలియనివి ఆ గంటలో తెలుస్తాయి. ఇవన్నీ ఒక్కరి తలలోనే ఉన్నాయి, ఆయన నెల రోజులు సెలవు పెడితే మనం ఏమవుతాం అన్న భయం కూడా అప్పుడే పుట్టాలి.

3. లోపం ఏ రాయి దగ్గర ఉందో తేల్చండి

లోపం కనిపించే చోటు ఒకటి, పుట్టే చోటు ఇంకొకటి. నేను వాడే పరీక్ష సులువైనది. ఒకే తప్పు వేర్వేరు మనుషులు చేస్తుంటే లోపం పద్ధతిలో ఉంది. అదే పని అందరూ సరిగ్గా చేస్తూ ఒక్కరే తప్పుతుంటే, ఆ మనిషికి నేర్పడంలోనో, ఆ పని ఆ మనిషికి అప్పగించడంలోనో లోపం ఉంది. మనుషులూ పద్ధతీ సరిగ్గా ఉండి, ఎంత పరిగెత్తినా పని టైముకు తెమలకపోతే, అప్పుడు సాధనం మార్చాలి.

మనవాళ్ళు సాధారణంగా ఈ పరీక్ష తిరగేసి చేస్తారు. ముందు సాధనం కొంటారు, అది పనిచేయకపోతే మనుషులను మారుస్తారు, పద్ధతి దాకా రానే రారు.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊళ్ళో ఒక కార్ల ఫ్యాక్టరీ ఉంది. ఈ విషయం అర్థం కావడానికి ఆ ఒక్క భవనం చరిత్ర చాలు. అది జనరల్ మోటార్స్‌ది. పనివాళ్ళు రారు, వచ్చినా సరిగ్గా చేయరు అన్న చెడ్డపేరు దానికి ఉండేది. 1982లో మూసేశారు. 1984లో టయోటాతో కలిసి నమ్మీ అన్న పేరుతో మళ్ళీ తెరిచారు. పనిలోకి తీసుకున్నవాళ్ళలో ఎక్కువమంది ఆ పాత పనివాళ్ళే, యూనియన్ కూడా పాతదే. కొద్ది కాలంలోనే అక్కడ తయారైన కార్ల నాణ్యత జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీల్లో మేటిగా నిలిచింది. మారింది పని చేసే పద్ధతి, పనివాడిని చూసే చూపు. అదే దశాబ్దంలో జనరల్ మోటార్స్ తన మిగతా ఫ్యాక్టరీల్లో రోబోల మీద విపరీతంగా ఖర్చు పెట్టింది, ఆ ఫలితం మాత్రం రాలేదు.

నమ్మీ 2010లో మూతపడింది. ఆ భవనాన్ని టెస్లా కొనుక్కుంది. మోడల్ 3 కారు తయారీలో మితిమీరిన ఆటోమేషన్ పెట్టి, ఉత్పత్తి అనుకున్నట్టు సాగక ఇబ్బంది పడింది. 2018 ఏప్రిల్‌లో ఎలాన్ మస్క్ తానే ఒప్పుకున్నాడు: ఆటోమేషన్ ఎక్కువ చేయడం తన పొరపాటని, మనుషులను తక్కువ అంచనా వేస్తున్నామని. ఒకే కప్పు కింద, 34 ఏళ్ళ తేడాతో, రెండుసార్లు నేర్చుకున్న పాఠం అది. వేల కోట్లు ఉన్నవాళ్ళే ఇక్కడ తడబడ్డారు. కాబట్టి మీరు తడబడితే సిగ్గుపడాల్సింది లేదు.

4. పద్ధతిని ముందు చేత్తో సరిచేయండి

ఏ కొత్త వస్తువూ కొనకుండా, రెండు మూడు వారాలు. ఇది గట్టిగా పట్టుకోండి.

పైన చెప్పిన ఏజెన్సీలో మేం చేసింది ఇదీ. గోడౌన్ గుమ్మం దగ్గర నేల మీద పసుపు రంగుతో ఒక గీత గీయించాం. ఎంట్రీ కాని సరుకు ఆ గీత దాటి ర్యాక్ ఎక్కకూడదు. కొనుగోలు ఎంట్రీ పనిని, దగ్గర్లోనే ఇల్లు ఉన్న ఇంకో ఉద్యోగికి ఇచ్చి, ఆయన డ్యూటీ మధ్యాహ్నం 12 నుంచి రాత్రి 8 దాకా మార్చాం. ఆ అమ్మాయికి ఉదయం పూట కలెక్షన్ లెక్కలు ఇచ్చాం. రాత్రి 8 తర్వాత సరుకు వస్తే గీత ఇవతలే ఉంటుంది, మర్నాడే అమ్ముతారు. "అత్యవసరమైతే?" అని కుర్రాళ్ళు అడిగారు. సరైన ప్రశ్న. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో ఒక్క పేరు గోడ మీద రాశాం, ఆ ఒక్కరు వచ్చి ఆ ఒక్క ఇన్వాయిస్ ఎక్కిస్తారు. మొదటి వారం ఇద్దరు ముగ్గురు షాపుల వాళ్ళు విసుక్కున్నారు. మూడో వారానికి బ్యాచ్ తప్పులు దాదాపు ఆగిపోయాయి. రంగు డబ్బాకైన ఖర్చు తప్ప ఇంకేమీ కాలేదు.

మీరు రాసుకునే పద్ధతి ఒక్క పేజీ దాటకూడదు. ఎవరు, ఏది, ఎప్పుడు, తేడా వస్తే ఎవరిని అడగాలి. ఈ చివరిది లేని పద్ధతి మొదటి తేడా రోజునే కూలిపోతుంది. రాసేది కూడా మీరు కాదు, ఆ పని చేసేవాళ్ళు చెప్తుంటే మీరు రాయాలి, వాళ్ళ మాటల్లోనే. "ఎక్స్‌పైరీ దగ్గరున్నది ముందు వరసలో" అని గోడ మీద ఉంటే అందరికీ తెలుస్తుంది. అదే సంగతి మూడు పేజీల ఇంగ్లిష్ డాక్యుమెంట్‌గా ఫైల్లో ఉంటే ఎవరూ తెరవరు.

పనుల పంపకం కూడా ఈ దశలోనే చూడాలి. మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి ఇందులో గొప్ప ఉదాహరణ. అక్కడ ఆపరేషన్ థియేటర్‌లో సర్జన్‌కు రెండు టేబుళ్ళు ఉంటాయి. ఒక టేబుల్ మీద శుక్లం ఆపరేషన్ జరుగుతుండగానే పక్క టేబుల్ మీద తర్వాతి రోగిని సిద్ధం చేసి ఉంచుతారు. ఇది ముగియగానే సర్జన్ అటు తిరుగుతారు. రోగిని సిద్ధం చేయడం, పరీక్షలు, కట్లు, ఇవన్నీ గ్రామాల నుంచి తీసుకుని ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చిన అమ్మాయిలు చూసుకుంటారు. సర్జన్ మాత్రమే చేయగలిగిన పనిని సర్జన్ చేస్తారు. కంట్లో పెట్టే లెన్సులు దిగుమతి చేసుకుంటే పేదలకు అందని ధర అవుతున్నాయని 1992లో ఆరోల్యాబ్ పెట్టి లెన్సులు సొంతంగా తయారుచేయడం మొదలుపెట్టారు. మనుషులు, పద్ధతి, టెక్నాలజీ మూడూ ఒకదానికోసం ఒకటి తయారైతే ఎంత పని సాగుతుందో అక్కడ కనిపిస్తుంది.

ఇప్పుడు మీ దగ్గర చూడండి. చకచకా బిల్లులు కొట్టే మీ మంచి ఆపరేటర్ రోజులో ఎంతసేపు "మా బాకీ ఎంతుంది?" అన్న ఫోన్లకు జవాబు చెప్తున్నారు? ఆ ఫోన్ ఇంకొకరి టేబుల్ మీదికి జరపడానికి ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు.

5. మనుషులతో ముందుగా మాట్లాడండి, వాళ్ళ జీతం లెక్క కూడా చూడండి

మార్పు వస్తోందనగానే పనివాళ్ళ మనసులో మొదట వచ్చే ప్రశ్న "నా ఉద్యోగం ఉంటుందా?" అన్నదే. వాళ్ళు బయటికి అడగరు. అడగకపోయినా మీరే జవాబు చెప్పాలి. ఎవరినీ తీసేయకపోతే ఆ మాట సూటిగా, అందరి ముందూ చెప్పండి. ఎవరి పని అయినా మారబోతుంటే ఆ మనిషికి విడిగా, మిగతావాళ్ళ కన్నా ముందు చెప్పండి. 50 ఏళ్ళు దాటిన గుమాస్తా గారిని పాతికేళ్ళ కుర్రాడి పక్కన కూర్చోబెట్టి అందరూ చూస్తుండగా మౌస్ పట్టుకోవడం నేర్పిస్తే ఆయన ఆ సాయంత్రమే మనసు మూసేసుకుంటారు. ఆదివారం పూట ఆయనకు ఒక్కరికే, తెలుగులో, ఆయనకు బాగా తెలిసిన పది షాపుల ఖాతాలతోనే నేర్పించండి.

ఇక ఇన్సెంటివ్ సంగతి. చాలా మార్పులు నిశ్శబ్దంగా చచ్చిపోయేది ఇక్కడ. సేల్స్ కుర్రాడికి నెల అమ్మకం మీద ఇన్సెంటివ్ ఇస్తున్నారనుకోండి. 30వ తేదీన తెలిసిన షాపులన్నిటికీ సరుకు దించేస్తాడు, "అమ్ముడుపోకపోతే తర్వాత వెనక్కి తీసుకుంటా అన్నా" అని చెప్పి. తర్వాతి నెల 20 నాటికి రిటర్నులు వచ్చి పడతాయి. రిటర్నుల టేబుల్ దగ్గర ఇంకో ఇద్దరు మనుషులు కావాలంటారు, రిటర్నుల సాఫ్ట్‌వేర్ కావాలంటారు. రెండూ అక్కర్లేదు. రిటర్నులు పోగా మిగిలిన అమ్మకం మీద, డబ్బు వసూలయ్యాక ఇన్సెంటివ్ లెక్కకట్టండి. మొదటి రెండు నెలలు ఆ కుర్రాడి ఆదాయం పడిపోకుండా పాత లెక్క ప్రకారమే ఇస్తామని హామీ ఇవ్వండి. వాళ్ళింట్లో అద్దె, పిల్లల ఫీజులు ఆ డబ్బు మీదే నడుస్తాయి. మీ పద్ధతి మారేటప్పుడు ఆ భారం వాళ్ళ వంటింటి మీద పడకూడదు.

పని ఆపే అధికారం కూడా కింది వరకు ఇవ్వాలి. టయోటా వంశానికి మూలపురుషుడు సకిచి టయోడా కార్లు చేయలేదు, మగ్గాలు చేశాడు. దారం తెగగానే దానంతట అదే ఆగిపోయే మగ్గం ఆయన తయారుచేశాడు. తర్వాత ఆ ఆలోచనే కార్ల ఫ్యాక్టరీలోకి వచ్చింది. లోపం కనిపిస్తే ఏ పనివాడైనా తాడు లాగి పిలవచ్చు, వెంటనే సాయం వస్తుంది, అప్పటికీ సరికాకపోతే లైన్ ఆగుతుంది. మీ ప్యాకింగ్ కుర్రాడికి బిల్లుకూ బ్యాచ్‌కూ తేడా కనిపిస్తే బాక్సు పక్కన పెట్టే హక్కు ఉందా? ఉందని చెప్పడం సులువు. అతను మొదటిసారి అలా ఆపినప్పుడు, బండి బయల్దేరుతుంటే, మీరు ఏమంటారన్నది ముఖ్యం. ఆ ఒక్కసారి కసురుకుంటే, ఆ తర్వాత ఎవరూ దేనినీ ఆపరు.

6. ఇప్పుడు టెక్నాలజీ వంతు

పద్ధతి కుదిరాక సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం సగం సులువవుతుంది. ఏం కావాలో మీకు తెలుసు కాబట్టి అమ్మేవాళ్ళ మాటలకు లొంగరు.

డెమోకి వాళ్ళ డేటా వద్దనండి. మీ దగ్గర అన్నిటికన్నా ఇబ్బంది పెట్టిన 20 బిల్లులు తీసుకెళ్ళండి: పదికి ఒకటి ఉచితం ఉన్నది, సగం స్ట్రిప్ తిరిగి వచ్చింది, రెండు బ్యాచ్‌లు కలిసింది, రేటు మధ్యలో మారింది. వాటిని మీ ముందు వేసి చూపించమనండి. వేసేది వాళ్ళ మనిషి కాదు, మీ ఆపరేటర్. అమ్మేవాళ్ళ కుర్రాడు కళ్ళు మూసుకుని కొట్టగలడు, రేపటి నుంచి కొట్టాల్సింది మీవాళ్ళు.

రాత్రి 8 గంటలకు ఆగిపోతే ఫోన్ ఎత్తేది ఎవరు? నెట్ పోతే బిల్లు పడుతుందా? వదిలేయాలనుకుంటే మా డేటా మొత్తం ఎక్సెల్‌లో ఇస్తారా? ఈ మూడింటికీ జవాబు కాగితం మీద తీసుకోండి.

చట్టం అడిగేవి కూడా చూసుకోవాలి. వార్షిక టర్నోవర్ 5 కోట్లు దాటిన సంస్థలు 2023 ఆగస్టు 1 నుంచి ఇతర వ్యాపారులకు వేసే బిల్లులకు ఇ-ఇన్వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు) తీయాలి. సరుకు విలువ 50 వేల రూపాయలు దాటి రవాణా అయితే ఇ-వే బిల్లు (ఆన్‌లైన్‌లో తీసే రవాణా పత్రం) కావాలి. రేట్లు మారినప్పుడు ఏమవుతుందో 2025 సెప్టెంబర్ 22న మందుల వాళ్ళందరికీ తెలిసింది. చాలా మందుల మీద జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది, అదీ దసరా నవరాత్రుల మొదటి రోజున. ఐటెమ్ మాస్టర్, అంటే సాఫ్ట్‌వేర్‌లో సరుకులన్నిటి పేర్లు, రేట్లు ఉండే పట్టిక, శుభ్రంగా ఉన్నవాళ్ళకు అది ఒక రాత్రి పని. ఒకే మందు మూడు స్పెల్లింగులతో మూడు చోట్ల ఎక్కించుకున్నవాళ్ళకు మాత్రం వారాల తరబడి టెన్షన్. అందుకే సాఫ్ట్‌వేర్ మార్చే ముందు ఐటెమ్ మాస్టర్ కడగండి. చప్పగా ఉండే పని, ఎవరూ ఇష్టపడరు. అయినా రోజుకు వంద ఐటెమ్‌ల చొప్పున ఇద్దరు కూర్చుని చేయాలి, ఒకరు చదువుతుంటే ఒకరు దిద్దుతూ.

బార్‌కోడ్ స్కానర్, సేల్స్ వాళ్ళకు మొబైల్ యాప్, వాట్సాప్ ఆర్డర్లు, ఇవన్నీ మంచివే. ఒక్కొక్కటి కొనేటప్పుడు దానికి మీ సంస్థలో బాధ్యుడెవరో పేరు రాయండి. పేరు రాయలేకపోతే అది ఇప్పుడు కొనకండి.

7. మారే రోజును ఆచితూచి ఎంచుకోండి

అమెరికా చాక్లెట్ కంపెనీ హెర్షీ 1999లో తన కంప్యూటర్ వ్యవస్థలన్నీ ఒకేసారి మార్చింది. ఏప్రిల్‌లో అనుకున్నది జూలైకి జరిగింది. అంటే అక్కడ మిఠాయిలు విపరీతంగా అమ్ముడయ్యే హాలోవీన్ పండుగ ఆర్డర్లు మొదలయ్యే వేళకు. గోడౌన్లలో సరుకు ఉంది, కానీ దుకాణాలకు పంపలేకపోయారు. దాదాపు 10 కోట్ల డాలర్ల విలువైన ఆర్డర్లు అందించలేకపోయారు. అదే పని పండుగ సీజన్ దాటాక చేసి ఉంటే సర్దుకునే వ్యవధి దొరికేది.

మీ సీజన్ మీకు తెలుసు. వానాకాలంలో జ్వరాలు పెరిగే నెలలు మందుల వాళ్ళకు తగవు. కిరాణా వాళ్ళకు దసరా, సంక్రాంతి ముందు నెల తగదు. మార్చి నెలాఖరు ఎవరికీ తగదు. ఖాళీగా ఉండే నెల చూసుకుని, ఒక ఆదివారం షట్టర్ దించి, ర్యాక్ ర్యాక్‌కూ చేత్తో లెక్కపెట్టి ఆ లెక్కతోనే కొత్తది మొదలుపెట్టండి. పాత సాఫ్ట్‌వేర్‌లో ఉన్న తప్పుడు స్టాకును కొత్తదానిలోకి మోసుకెళ్ళవద్దు. లెక్కపెట్టిన రోజు అందరికీ భోజనం అక్కడే పెట్టించండి.

ఒక్క డెలివరీ లైన్‌తో (ఒక బండి తిరిగే రూటుతో) మొదలుపెట్టి, రెండు వారాలు బాగా నడిచాక మిగతావి. పాతదీ కొత్తదీ పక్కపక్కన నడపడం మంచిదే, కానీ పాతది మూసే తేదీ ముందే ప్రకటించి ఆ రోజు మూసేయాలి. రెండూ ఏళ్ళ తరబడి నడుస్తున్న ఆఫీసులు చూశాను. పనివాళ్ళు రెట్టింపు చాకిరీ చేస్తూ, రెండింటినీ నమ్మకుండా ఉంటారు.

8. ఆ తర్వాత వారానికి 20 నిమిషాలు

శనివారం ఉదయం, నిలబడే. టీ ఇప్పించండి. మూడు అంకెలు బోర్డు మీద రాయండి: తప్పు బిల్లులు, ఆలస్యమైన డెలివరీలు, రిటర్నులు. ఈ వారం పని ఎక్కడ ఆగిందో ఒక్కొక్కరిని అడగండి. జవాబుల్లో ఒక్కటి తీసుకుని వచ్చే శనివారానికల్లా సరిచేయండి. చెప్పినది బాగుపడుతుందని కనిపిస్తే, చెప్పడానికి నోరు వస్తుంది. ఏదైనా కొత్తది చేర్చినప్పుడల్లా, కొత్త మనిషి గానీ కొత్త రూలు గానీ కొత్త యాప్ గానీ, మిగతా రెండింటిలో ఏం సర్దాలో ఆ సమావేశంలోనే అడగండి.

ఇదంతా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే మీ ఫ్రిజ్ దగ్గర మొదలుపెట్టండి. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. వేడెక్కితే పాడవుతుంది, గడ్డకట్టినా పనికిరాదు. మంచి ఫ్రిజ్ ఉంది, డిజిటల్ థర్మామీటర్ ఉంది. సరే, ఆ అంకెను ఉదయం, సాయంత్రం చూసి రాసేది ఎవరు? ఆదివారం ఎవరు? 9 డిగ్రీలు చూపిస్తే ఆ కుర్రాడు ఏం చేయాలో ఫ్రిజ్ తలుపు మీద రాసి ఉందా? ఫ్రీజర్ పలకకు ఆనించి బాక్సులు పెట్టకూడదని కొత్తగా చేరినవాళ్ళకు ఎవరు చెప్పారు? రాత్రి 2 గంటలకు కరెంటు పోయి ఇన్వర్టర్ దిగిపోతే వాచ్‌మన్ ఎవరికి ఫోన్ చేస్తాడు, ఆ నంబర్ అతని ఫోన్‌లో ఉందా, ఆ ఫోన్ ఎత్తే మనిషి దగ్గర షట్టర్ తాళం ఉందా? రేపు ఉదయం వెళ్ళగానే ఈ ప్రశ్నలు ఒక్కొక్కటిగా అడిగి, వచ్చిన జవాబులు ఆ తలుపు మీదే ఒక కాగితంపై రాసి అంటించండి. వాచ్‌మన్‌ను పిలిచి ఆ కాగితం ఒకసారి చదివి వినిపించండి.